ఊడిపోయే ముడి

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని వాడేవాళ్ళు మాత్రం ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. పెద్దా చిన్నా అందరికీ ఆమె చిటపటమ్మే. కాలిన పెనం మీద నీళ్ళచుక్క పడితే ఎలా ఉంటుందో ఆమెతో మాట కలిపితే అలా ఉంటుంది. పాలబండి ఆలస్యంగా వస్తే కోపం. తొందరగా వస్తే, నిద్ర చెడగొట్టాడని కోపం. ఎదురింటి టైలరు ఒకసారి ధైర్యం చేసి, "అక్కా, నీకు కోపం రాని రోజేదైనా ఉంటే ముందే చెప్పు, ఆ రోజు కొట్టు మూసుకుని నిన్ను చూట్టానికొస్తా" అన్నాడు. ఆ మాటకూ కోపమొచ్చింది. కుట్టమని ఇచ్చిన బట్ట వెనక్కి లాక్కుని పోయింది.

ఇవన్నీ చిల్లర కోపాలు. అసలు కోపం ఒక్కటే ఉంది. సముద్రాన్ని పూడ్చేశారన్న కోపం.

ఆమె కోడలిగా ఆ ఇంట్లో అడుగు పెట్టిన కొత్తలో పెరటి తలుపు తీస్తే మెట్లు, మెట్ల కింద నీళ్ళు. సముద్రం ఊళ్ళోకి చెయ్యి చాపినట్టు ఒక పాయ లోపలికొచ్చేది. దాన్ని మడుగు అనేవారు. దాని అంచున మడ చెట్లు, అడుగున సముద్రపు గడ్డి. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గితే ఆ గడ్డి పచ్చగా పడుకుని కనిపించేది. పీతపిల్లలూ, రొయ్యపిల్లలూ, గోరంత చేపలూ ఆ గడ్డిలోనే పెరిగి పెద్దవై లోతుకు పోయేవి. వీధి మగవాళ్ళు లోతులో వల వేసి పట్టేది వాటినే. ఆడవాళ్ళు చిరిగిన వలలు బాగుచేసేవారు. ఆ పనిలో అందరికంటే పెద్ద చెయ్యి ఆమె అత్తది.

అత్త ముడి వేస్తే ఇద్దరు మగవాళ్ళు చెరోవైపు లాగినా జారదు. కొత్త కోడలి చేత మొదటి వారమంతా ముడులే వేయించి, దూలానికి కట్టి, దానికి రాయి వేలాడదీసి పరీక్ష పెట్టింది. జారితే ఆ పూట మాటల్లేవు. కోడలు ఒకరోజు ఒంటికాలి మీద లేచి, "ముడే కదత్తా, ప్రాణం పోతుందా ఏం?" అంది. అత్త చేతిలో వలసూది ఆగిపోయింది.

"మీ మామ పడవ తాడు ఎవడో చేతకానివాడు కట్టాడు," అందామె. "గాలివానలో అది జారింది. ఆయన తిరిగి రాలేదు. ఆ రోజునుంచి నేను నీళ్ళల్లో కాలు పెట్టలేదు. ఇంకేమన్నా అడుగుతావా?"

కోడలు దారం అందుకుంది. ముడి నేర్చుకుంది. ఆ తర్వాత ఆమె వేసిన ముడి కూడా జారిన దాఖలా లేదు.

తర్వాత కంపెనీ వచ్చింది. రంగురంగుల బొమ్మలు పట్టుకొచ్చింది. మడుగును పూడ్చి మేడలు కడతారట, మేడల కింద అద్దాల దుకాణాలట, ఊరందరికీ ఉద్యోగాలట. కొండల్ని తవ్విన మట్టి టిప్పర్లలో దిగుతుంటే నీళ్ళు ఎర్రగా ఉబికి అవతలికి పోయాయి. ఆ టిప్పర్లలో ఒకదాన్ని తోలింది ఎవరనుకున్నారు? చిటపటమ్మ మొగుడే. పడవ ఇంజను పని పోయింది, ఇల్లు గడవాలి, స్టీరింగు పట్టుకున్నాడు.

"నా పెరట్లో సముద్రాన్ని నువ్వే పూడుస్తున్నావా? నీకు సిగ్గనేది ఉందా?"

"నేను కాకపోతే ఇంకొకడు తోలతాడే."

"ఆ ఇంకొకణ్ణి నేను పెళ్ళి చేసుకోలేదు!"

ఆ రోజుతో మొగుడితో ముఖాముఖి మాటలు బందు. ఏం చెప్పాలన్నా గోడకు చెప్పేది. "ఇదుగో గోడా, ఆ మనిషి వస్తే తిండి పొయ్యి పక్కనుందని చెప్పు. చేతులు కడుక్కుని తినమను, సముద్రాన్ని చంపిన చేతులు." అతను గోడవైపు తిరిగి "సరే" అనేవాడు. ఇలా ఎన్నాళ్ళో. అత్త మధ్యలో కూర్చుని వల కుట్టుకుంటూ, "నా ఇంట్లో గోడకున్న మర్యాద నాకు లేదు" అని గొణిగేది.

మరి మేడలేమయ్యాయి? మట్టి కుంగింది. సగం కట్టిన గోడలు నిలువునా పగుళ్ళిచ్చాయి. వేసిన రోడ్డు వంకర తిరిగింది. కొనేవాడు ఒక్కడూ రాలేదు. వాననీళ్ళు పోయే దారి లేక వీధుల్లో నిలిచి, ఇళ్ళలో మంచాలు తేలాయి. బయట మిగిలిన కాస్త సముద్రంలో బురద కమ్మి గడ్డి మాడిపోయింది. పీతలు లేవు, రొయ్యలు లేవు. మగవాళ్ళు ఖాళీ వలలు ఈడ్చుకొచ్చి ఒడ్డున పడేసి ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. చివరికి వీధి వీధంతా ఏకమై కోర్టుకెక్కింది. అందరికంటే ముందు ఎక్కింది ఎవరో వేరే చెప్పాలా?

తీర్పు వచ్చింది. చెడగొట్టినవాళ్ళే బాగుచేయాలి. మడుగుకు అడ్డం వేసిన రాతికట్టను తెగ్గొట్టి పోటు నీళ్ళు లోపలికి రానివ్వాలి. అంచుల్లో మడ మొక్కలు నాటాలి. బయట మిగిలిన సముద్రంలో మళ్ళీ గడ్డి పెంచాలి. విని చిటపటమ్మ ఎగిరి గంతేయబోయింది. ఆ తీర్పులోనే కంపెనీ వకీలు దూర్చిన మెలిక విని ఆగిపోయింది. ఏడాది తిరిగాక తనిఖీకి వచ్చేసరికి గడ్డి పట్టకపోతే, అక్కడ సముద్రం ఎలాగూ చచ్చిపోయినట్టే లెక్క. అప్పుడు ఆ మిగిలినది కూడా పూడ్చి, షావుకార్ల షికారు పడవలకు రేవు కట్టుకోవచ్చు.

అంటే గడ్డి చస్తే లాభం ఎవరికి? పెంచాల్సినవాడికే! "దొంగ చేతికే తాళంచెవి ఇచ్చి, పోతే పోయిందనుకోమంటారా?" అని కోర్టు మెట్ల మీదే నిప్పులు చెరిగింది. వకీలు కారెక్కి అద్దం ఎత్తేసుకున్నాడు.

పని మొదలైంది. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరుకు నవ్వు తప్ప ఇంకో మొహం లేదు. చావు కబురు చెప్పినా పళ్ళు కనిపిస్తాయి. వీధి అతనికి పళ్ళ మేనేజరని పేరు పెట్టింది. గడ్డి సంగతి చూసేందుకు కోర్టువాళ్ళు కాలేజీ నుంచి ఒక అమ్మాయిని పంపారు. మోకాళ్ళ దాకా బురద, నెత్తిన టోపీ, నోట్లో ఎప్పుడూ గడ్డి కబుర్లు. ఆమె గడ్డి మేడమ్ అయింది. చిటపటమ్మ మొగుడికి పొక్లెయిన్ మీద పని దొరికింది. టిప్పరుతో పోసిన మట్టినే ఇప్పుడు తవ్వి ఎత్తిపోయాలి.

గడ్డి పనికి వల ఆడవాళ్ళను పెట్టుకున్నారు. పాత ఐసు షెడ్డులో రేకుల కింద వరసగా తొట్లు. తొట్ల నిండా ఉప్పునీళ్ళు, వాటిలో దూరపు తీరం నుంచి తెచ్చిన గడ్డి పిలకలు. ఒక్కో పిలకకూ తీగలా పాకే వేరుకాడ ఉంటుంది. ఆ కాడను ఇనప మేకుకు దారంతో కట్టి, తడి గోనెపట్టాల మీద పేర్చి, ఆటు సమయంలో నీళ్ళలోకి మోసుకుపోయి మేకును అడుగున గుచ్చాలి. వేరు నేల పట్టేదాకా మేకు దాన్ని కొట్టుకుపోకుండా ఆపుతుంది. అంతే పని. ముడి వేయడమే కదా, ఆ చేతులకు అది ఒక పనా!

మేడమ్ నూలు దారం ఉండలు పంచింది. "అక్కా, వదులుగా కట్టండి. చిటికెనవేలు దూరేంత సందు ఉండాలి. కొన్నాళ్ళకి దారం కుళ్ళి దానంతటదే ఊడిపోవాలి."

షెడ్డంతా పకపకా నవ్వింది. ఊడిపోయే ముడి వేయాలట! ఆ వీధిలో ఒకమ్మాయిని తిట్టాలంటే 'ఊడిపోయే ముడి నువ్వూను' అనేవారు. అత్త దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, ముక్కు చిట్లించి, తొట్టి కింద పెట్టేసింది.

చిటపటమ్మకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. మేడమ్ పరీక్షల పని మీద కాలేజీకి వెళ్ళగానే నూలు ఉండలన్నీ గంపకెత్తి అటక మీద పడేసింది. ఇంటినుంచి వలకు వాడే నైలాను దారం తెచ్చింది. "సముద్రమేమన్నా స్నానాల తొట్టా? కుళ్ళిపోయే దారంతో కడితే మొదటి అలకే పోతుంది. మనకున్నది ఈ ఒక్క అవకాశం. గట్టిగా బిగించండి. ఒక్కటి ఊడినా నేనూరుకోను!" అంది. ఆడవాళ్ళు బిగించారు. ఏ మేకు పట్టుకుని ఊపినా పిలక కదల్లేదు. అత్త కోడలివైపు చూసి తల ఊపింది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

గడ్డి కొన్నాళ్ళు పచ్చగా ఊగింది. తర్వాత కొసలు పసుపెక్కాయి. ఆ పైన గోధుమరంగు. ఆ పైన మేకులు మిగిలాయి.

పళ్ళ మేనేజరు కొత్త బూట్లతో ఒడ్డుకొచ్చాడు. "నేను ముందే అనుకున్నానమ్మా. చచ్చిన సముద్రంలో ఏం బతుకుతుంది? పాపం, మీ కష్టమంతా వృథా."

"నీ పాపం నువ్వే ఉంచుకో! ఏం కలిపావు నీళ్ళల్లో? నూనె పోశావా, సున్నం పోశావా?"

"అయ్యో, అదేం మాటమ్మా," అని ఇంకా బాగా నవ్వాడు.

ఆ రోజు కంపెనీ గేటు ముందు ఆమె చేసిన రభసకు వాచ్‌మన్ కుర్చీ వదిలేసి లోపల దాక్కున్నాడు. గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. మర్నాడు మేడమ్ వచ్చింది. నీళ్ళలోకి దిగి ఒక మేకు పీకింది. షెడ్డులోకి తెచ్చి బ్లేడుతో ముడి కోసింది. వాచిన వేలికి ఉంగరం పట్టేసినట్టు నైలాను దారం వేరుకాడలోకి కోసుకుపోయి ఉంది. దారానికి ఇవతల కుళ్ళు, అవతల కుళ్ళు. ఇంకో మేకు తెచ్చింది. అదీ అంతే.

"నూలు దారం ఏమైందక్కా?" అంది మేడమ్. ఆమె గొంతులో కోపం లేదు, అదే చిటపటమ్మకు కత్తిలా దిగింది.

తిట్టడానికి ఎదురుగా మనిషి లేని కోపం ఎలా ఉంటుందో ఆమెకు అంతవరకు తెలియదు. ఇంటికొచ్చి బకెట్టును ఒక్క తన్ను తన్నింది. కాలికి దెబ్బ తగిలింది. మొగుడు మెట్ల మీద కూర్చుని చెప్పుల మట్టి దులుపుకుంటున్నాడు. గోడకు చెబుదామని అటు తిరిగి, ఎందుకో ఇటు తిరిగింది.

"నేనే చంపాను," అంది, సూటిగా అతనికే.

అతను చెప్పు కింద పెట్టాడు. "నేను టిప్పరుతో చేసింది నువ్వు దారంతో చేశావన్నమాట," అన్నాడు.

చేతికందిన చెంబు అతని చెవి పక్కనుంచి దూసుకుపోయి పెరట్లో పడింది. అతను లేచి, వెళ్ళి చెంబు తెచ్చి, సొట్ట చూసి, యథాస్థానంలో పెట్టాడు. "ఇంకా పిలకలున్నాయట కదా. మళ్ళీ కట్టు. నేను పోసింది నేనే తవ్వట్లేదా? తవ్వుతుంటే రోజూ సిగ్గేస్తుంది. అయినా తవ్వుతున్నా."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆ సిగ్గేదో అప్పుడే పడి ఉంటే!" అని తిట్టింది. ఆ పూట గోడకు సెలవు.

మర్నాడు షెడ్డులో చచ్చిన మేకులన్నీ గోనెపట్టా మీద పరిచి, అందరినీ చుట్టూ నిలబెట్టింది. "చూడండి. కంపెనీ కాదు, నీళ్ళు కాదు. మనం. నేను బిగించమన్నాను, మీరు బిగించారు. ఇవాళ్టినుంచి నూలు దారం. వదులు ముడి. మేడమ్ చెప్పినట్టే."

అత్త లేచి నిలబడింది. "నా ముడి చంపిందంటావా?"

"మన ముడి అత్తా."

"వాళ్ళు లారీలు లారీలు బురద పోసి ఊపిరాడకుండా చేస్తే చావని గడ్డి, నేను కట్టిన దారానికి చచ్చిందా? ఆ పళ్ళవాడి మాటే నువ్వూ మాట్లాడుతున్నావు! తప్పు మనదేనని అనిపించుకోవడానికే వాడు కాచుకునున్నాడు!"

"కళ్ళతో చూసి కూడా ఏంటత్తా నీ మొండితనం? ఇదిగో, కోసుకుపోయింది, కనపడట్లేదా?"

"నాకు కనపడేది ఒక్కటే. వదులుగా కట్టిన తాడు మీ మామను తీసుకుపోయింది. ఇప్పుడు సముద్రంలో పెట్టేదాన్ని వదులుగా కట్టమంటున్నావు. నా వల్ల కాదు." మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఆమె లేకుండానే పని సాగింది. బాగా చేయడం కంటే చెడగొట్టడం ఎంత కష్టమో ఆ షెడ్డులో చూడాలి! వేళ్ళు వాటంతటవే రెండో చుట్టు తిప్పేస్తాయి. వదులుగా వేసిన ముడిని చూసి ఒకావిడ సిగ్గుపడి, పక్కావిడకు కనపడకుండా చేయి అడ్డం పెట్టుకునేది. చిటపటమ్మ వెనక నిలబడి, "ఏయ్, బాగా కడుతున్నావు! విప్పు, చెడగొట్టు!" అని అరిచేది. "ఇంత చండాలమైన ముడి నా జన్మలో వెయ్యలేదు తల్లీ," అని ఒకావిడ అంటే, "శెభాష్, అలాంటివే వెయ్యి," అని ఇంకొకావిడ. నవ్వుల్లోనే కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

నాలుగైదు రోజులకు అత్త తిరిగొచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా మూలకు పోయి, అందరికీ వీపు చూపిస్తూ కూర్చుని, "నా వాటా ఇటివ్వండి" అంది. చివరి వరస పిలకలు ఆమె ముందు పెట్టారు. మేకులు కట్టి, తనే పేర్చి, పైన తడి గోనె కప్పి ఇచ్చింది. మిగతా అందరి ముడులూ చిటపటమ్మ పట్టుకుని చూసింది. అత్త ముడిని పరీక్షించే కోడలు మాత్రం ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. ముసలావిడ దిగొచ్చింది, అదే పదివేలనుకుంది.

గడ్డి పెట్టారు. చివరి వరస గుచ్చేసరికి చీకటి పడింది. ఎదురుచూశారు. తనిఖీకి ముందు మూడు రోజులు గాలి ఈడ్చి కొట్టింది. నీళ్ళు బురదెక్కి అడుగు కనపడలేదు.

తనిఖీ రోజు పొద్దున్నే ఆడవాళ్ళు ఒడ్డుకొచ్చారు. ఒడ్డు పొడవునా నూలు దారం. కుళ్ళి, నల్లబడి, చిక్కులు పడి, నాచుతో కలిసి కుప్పలుగా పడి ఉంది. అక్కడక్కడా మేకులు కూడా.

తనిఖీ అధికారి నెరిసిన జుట్టు మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఆయన కారు దిగేసరికే పళ్ళ మేనేజరు ఒక దారపు కుప్పను కర్రతో ఎత్తి పట్టుకున్నాడు. "చూడండి సార్, వీళ్ళ పనితనం. అన్నీ ఊడొచ్చేశాయి. నాకూ బాధగానే ఉంది సార్."

"బాధట, బాధ!" చిటపటమ్మ అడ్డం తిరిగింది. "నవ్వు ఆపి చెప్పు ఆ మాట! అయ్యా, ఒడ్డున నిలబడి ఏం తేలుస్తారు? గడ్డి నీళ్ళల్లో ఉంటుంది. బూట్లు విప్పండి. రండి!"

అధికారి ఒక్క క్షణం ఆమె మొహం చూసి, బూట్లు విప్పి, ప్యాంటు మడుచుకున్నాడు. మేడమ్ ముందు నడిచింది. నీళ్ళు వెనక్కి తగ్గి మోకాలి లోతుకు వచ్చాయి. బురద కాస్త తేరుకుంది. అడుగున ఏదో ఊగుతోంది.

"పీకండి," అంది చిటపటమ్మ.

ఆయన వంగి ఒక పిలకను పట్టుకు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. గుప్పెడు బురదతో ఊడొచ్చింది, కింద తెల్లటి వేర్లు జుట్టులా వేలాడుతున్నాయి. పక్కకు పాకిన కాడనుంచి కొత్త పిలక తల ఎత్తింది. దారం ఆనవాలు కూడా లేదు. వేర్లలోంచి గోరంత పీత ఒకటి ఆయన అరచేతిలో పడి, అడ్డంగా పరుగెత్తి నీళ్ళలో దూకింది. మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిటపటమ్మ వంగి ఇంకో పిలకను తడిమి చూసింది. తన వేళ్ళు వేసిన వాటిలోకెల్లా వికారమైన ముడులు, అన్నీ ఊడిపోయాయి, గడ్డి మాత్రం నిలబడింది.

"సార్, ఇటు రండి," అని మేనేజరు గొంతు దూరం నుంచి వినిపించింది. అతను రాళ్ళ అంచున నిలబడి కర్రతో చూపిస్తున్నాడు. "ఈ వరస చూడండి. మొత్తం పోయింది. అంటే అడుగున నేలే విషమైపోయింది సార్. ఇవాళ ఈ వరస, వచ్చే ఏడాదికి అన్నీ. ఎందుకు సార్ ఊరికే ఆశపెట్టడం?"

నిజమే. చివరి వరస మొత్తం కుళ్ళిపోయి ఉంది. అధికారి నుదురు ముడిపడింది. "నేల చెడితే మాత్రం నేనేమీ చేయలేనమ్మా. కారణం తెలియకుండా ఇది పట్టిందని రాయలేను."

చిటపటమ్మ వంగి ఒక మేకు పీకింది. దానికి నైలాను దారం. రెండు చుట్లు, కొస లోపలికి దోపిన చిన్న ముడి. పీకినా, గుంజినా, గాలి కొట్టినా ఊడని ముడి. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని చూసిన ముడి. లోకంలో అలా కొస దోపే చెయ్యి ఒక్కటే.

మేకును పిడికిట్లో దాచేసింది. ఒళ్ళంతా భగభగమంది. చెబితే వీధంతటి ముందూ అత్త పరువు గంగలో కలుస్తుంది. డెబ్బై ఏళ్ళ పరువు, ఆమెకు ఇంకేముంది గనక? చెప్పకపోతే ఇదిగో ఈ నీళ్ళు, ఈ పీతపిల్ల, అంతా మట్టి కింద. ఒడ్డు వైపు చూసింది. బోర్లించిన తొట్టి మీద అత్త కూర్చుని ఇటే చూస్తోంది. చిటపటమ్మ నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తెరిచిన నోట్లోంచి మాట రాలేదు.

ముసలావిడ లేచింది. చెప్పులు తొట్టి పక్కన విడిచింది. నీళ్ళ అంచుకొచ్చి ఆగింది. ఒడ్డున ఆడవాళ్ళంతా అటు తిరిగారు. ఆమె నీళ్ళలో కాలు పెట్టగా చూసినవాళ్ళు వాళ్ళలో ఎవరూ లేరు. పొక్లెయిన్ మీదనుంచి కొడుకు కిందికి దూకి, "అమ్మా!" అని పరుగెత్తుకొచ్చాడు. ఆమె అతని చెయ్యి విదిలించుకుని, బురద తడుముకుంటూ, మోకాలి లోతుకు నడిచొచ్చింది.

"ఆ వరస నాది," అంది అధికారితో. కోడలి పిడికిలి విప్పి మేకు తీసుకుని ఆయన చేతిలో పెట్టింది. "ఇది నా ముడి. వదులుగా కట్టమని ఇదిగో ఈ నా కోడలు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. నేను వినలేదు. నైలానుతో బిగించాను. నేను చంపాను బాబూ. నేల చంపలేదు. అన్నీ పీకి చూసుకో, ప్రతిదానికీ ఇదే ముడుంటుంది. పక్క వరసదీ ఈ నేలే. అది బతికింది కదా?"

అధికారి ఒకటి పీకాడు. ఇంకోటి పీకాడు. వరస చివరిదాకా పోయాడు. ప్రతి మేకుకీ నైలాను, ప్రతి ముడీ చెక్కుచెదరకుండా ఉంది, ప్రతి పిలకా చచ్చి ఉంది. పక్క వరసలో పచ్చటి పిలకను తడిమి, లేచి నడుం నిటారు చేసుకున్నాడు.

"మేనేజరు గారూ, నేల బాగానే ఉందండీ," అన్నాడు. "గడ్డి పట్టింది. ఇక్కడ రేవు రాదు. టిప్పర్లు వచ్చే రోడ్డు ఇవాళే మూయించండి."

పళ్ళ మేనేజరు చేతిలోని కర్ర కింద పడేశాడు. ఆ ఏడాది మొత్తంలో అతని పెదవులు కలుసుకోవడం అప్పుడే చూశారు జనం.

ఒడ్డుకు రాగానే చిటపటమ్మ కట్ట తెగింది. "ఎందుకు చేశావత్తా? ఎందుకు? కొంచెంలో అంతా పోయేది! నన్ను చంపాలనుకున్నావా?"

అత్త తడిసిన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది. "మీరంతా పాడు ముడులు వేస్తున్నారు. మొదటి గాలికే అన్నీ పోతాయనుకున్నా. ఒక్క వరసన్నా మిగలాలని నాది గట్టిగా కట్టా." వంగి చీర కుచ్చెళ్ళ నీళ్ళు పిండుకుంది. "మిగిల్చుదామనేనే."

చిటపటమ్మకు తిట్టడానికి బోలెడు మాటలు నోటిదాకా వచ్చాయి. వెళ్ళి తొట్టి పక్కనుంచి ఆమె చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు విసురుగా పడేసింది. తర్వాత వంగి, తనే తొడిగింది.

సాయంత్రం రోడ్డు మొదట్లో రెండు ఇనప స్తంభాలు పాతారు. అప్పటికే పక్కన కంపెనీ బోర్డు వెలిసింది: 'ఈ సముద్రం మా పెంపకం'. దాన్ని చూసి చిటపటమ్మ రాయి అందుకోబోతే మొగుడు పట్టుకున్నాడు. "రాయెందుకే? అమ్మ ఉందిగా," అని బొటనవేలంత లావు పడవ తాడు తెచ్చి తల్లి చేతికిచ్చాడు. ఆమె దాన్ని అవతలి స్తంభానికి చుట్టి, లాగి, కొస లోపలికి దోపింది. ఇవతలి స్తంభానికీ అలాగే.

లోపలి నుంచి మేనేజరు కారు వచ్చి ఆగింది. హారను కొట్టాడు. దిగాడు. "తాడు తీయండమ్మా, నేను వెళ్ళాలి."

"నువ్వే విప్పుకో బాబూ," అంది అత్త.

అతను వంగాడు. గోళ్ళతో పీకాడు. గుంజాడు. చెమటలు పట్టాయి. వీధంతా చేతులు కట్టుకుని చూస్తోంది. చివరికి కారు అక్కడే వదిలి, తాడు కింద దూరి, కొత్త బూట్లతో బురదలో పడి నడుచుకుంటూ పోయాడు.

అందరూ నవ్వారు. చిటపటమ్మ నవ్వలేదు. అతని వీపు మలుపు తిరిగేదాకా పళ్ళు కొరుకుతూ చూసి, తాడును ఒకసారి పట్టి గుంజింది.

"ఇంకో చుట్టు వెయ్యత్తా," అంది.

ముసలావిడ వేసింది.